పిడికెడు కొసరు

కాకోలగిరి అంతా ఒకే నల్లరాయి. ఆ రాయిని తొలిచి కట్టిన సమతూకపురం కోట మిట్టమధ్యాహ్నపు ఎండకు, పొయ్యి మీద మరిచిపోయిన పెనంలా సెగలు కక్కుతోంది. బురుజుకొక ఇనప రాబందు. వాటి రెక్కలకు తుప్పు పట్టింది గానీ ముక్కులకు పట్టలేదు. కళ్లున్న చోట కెంపులు పొదిగారు. అవి ఎటు తిరిగితే అటు గోడలు ఎర్రబారుతున్నాయి. ఏనుగు తొండమెత్తినా అందనంత ఎత్తున్న రాగి తలుపుల మీద ఒక త్రాసు చెక్కి ఉంది. దాని రెండు సిబ్బెలూ వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకే వరసలో నిలిచి ఉన్నాయి.

జొన్నబస్తాలు మోసే ఎడ్ల బిడారుతో ఆ తలుపుల ముందు ఆగిన ప్రోలయ ముందుగా చూసింది రాబందుల్ని కాదు. గుమ్మం పక్కన బిచ్చగాడు ఉన్నాడా అని చూశాడు. ఏ ఊరు వెళ్లినా అతను మొదట చూసేది అదే. బిచ్చగాళ్లు బొద్దుగా ఉంటే ఆ ఊళ్లో సరుకు చెల్లుతుంది. బక్కగా ఉంటే ధర తగ్గించుకోవాలి. ఇక్కడ ఒక్కడూ లేడు. అగడ్తలోకి తొంగిచూస్తే కారణం తెలిసింది. నీళ్లు లేని ఆ అగడ్త నిండా ఎముకలు. వాటి మధ్య మట్టి చిప్పలు, కొన్ని బోర్లాపడి, కొన్ని ఇంకా చెయ్యి చాపుతున్నట్టు వెల్లకిలా పడి ఉన్నాయి.

కరక్కాయ రసంతో గడ్డం నలుపు చేసుకుని, కాటయ అనే దొంగపేరు పెట్టుకుని ప్రోలయ ఇంత దూరం వచ్చింది జొన్నలు అమ్మడానికి కాదు. తనను పెంచిన అక్క కోసం.

ఏలేటి రేవులో అంబలి పందిరి వేసి, పడవ దిగిన ప్రతివాడికీ ఊరూ పేరూ అడగకుండా అంబలి పోసే మాచమ్మ అంటే ఏటికి రెండు వైపులా తెలియనివాళ్లు లేరు. ఆ పేరే ఆమె కొంప ముంచింది. సమతూకపురాన్ని ఏలే మాంత్రికుడు శుష్కనాథుడు దాతలని పేరుపడ్డవాళ్లందరినీ ఏరి తెప్పిస్తున్నాడు. తెప్పించి, గుండె చీల్చి చూస్తున్నాడు. దానగుణం మనిషి ఒంట్లో ఎక్కడుంటుందో కనిపెట్టి దాన్ని మింగాలని అతని పట్టుదల. రాజులు అయిపోయారు, మఠాధిపతులు అయిపోయారు. ఇప్పుడు అంబలి పోసేవాళ్ల దాకా వచ్చాడు. మాచమ్మ వంతు ఈ రోజు పొద్దు వాలేసరికి. కోట నుంచి పారిపోయి వచ్చిన ఒక భటుడు ప్రోలయకు ఈ సంగతి చెప్పాడు, అదీ ఒక దుప్పటి పుచ్చుకున్న తరవాతే.

ఆ అంబలి పందిరి విషయంలో అక్కతో ప్రోలయ ఎన్నిసార్లు గొడవపడ్డాడో.

"రేవు దిగిన ప్రతివాడికీ పోస్తూ పోతే చివరికి మనకేం మిగులుతుందే అక్కా?"

"గిన్నెలు మిగులుతాయి కదరా. కూర్చుని తోముకుందాం" అనేది మాచమ్మ.

ప్రోలయ లెక్కలో అది వ్యాపారం కాదు, పుణ్యం కూడా కాదు, చిల్లు. అయినా ఆ చిల్లు చేసిన చెయ్యి తనకు అన్నం కలిపి పెట్టిన చెయ్యి. అందుకే వచ్చాడు. జొన్నలు దించేది వంటశాలలో. చెరసాల దాని కిందే. చివరి బస్తా అడుగున తాడు, ఆకురాయి, కత్తి ఉన్నాయి.

"దణ్ణాలు నాయకా" అన్నాడు ద్వారపాలకుడితో, వంగి.

వాడు చిరాగ్గా బల్లెం చంకలో ఇరికించుకుని తనూ చేతులు జోడించాడు. "ఇదిగో, నీ దణ్ణం నీకు. చెల్లు. ఇంకోసారి పెట్టకు, నాకు నడుం నొప్పి. కొత్తవాడివా శెట్టీ?"

"మొగలిపాడు మాది. జొన్నలు తెచ్చాను."

"అయితే విను. చెప్పడం నా కొలువు గనక చెబుతున్నాను, నీ మీద ప్రేమతో కాదు. ఈ ఊళ్లో ఊరికే ఏదీ ఇవ్వకూడదు. గింజైనా సరే, గుక్కెడు నీళ్లైనా సరే. ఇస్తే పైనున్న ఆ పక్షులకు వాసన తగులుతుంది. అవి అరుస్తాయి. అరిచాక దిగుతాయి. దిగాక చీపురు పట్టుకుని మేం వస్తాం."

వీధిలో అడుగుపెట్టాక ఆ మాట ఎంత నిజమో తెలిసింది. బావి దగ్గర ఒక ముసలాయన పడి ఉన్నాడు. నాలుక బయటికి వచ్చింది. నీళ్లు తోడేవాళ్లు అతని కాళ్లు దాటుకుంటూ బిందెలు ఎత్తుకుని పోతున్నారు. బదులు ఇవ్వడానికి ఆయన దగ్గర ఏమీ లేదు. ప్రోలయ భుజానికి నీళ్ల తిత్తి ఉంది. నిండుగా ఉంది. నీళ్లు పోస్తే ఒక ముసలి ప్రాణం నాలుగు రోజులు నిలుస్తుందేమో. పోశాక తన మీదికి పక్షి దిగితే అక్క ప్రాణం మాత్రం ఈ పూటే పోతుంది. లెక్క తేలిగ్గానే తేలింది. ప్రోలయ ఎడ్లను అదిలించి ముందుకు సాగిపోయాడు. సరిగ్గా తేలిన లెక్కను మళ్లీ వేసి చూసుకోవడం అతనికి అదే మొదటిసారి.

వంటశాల ముంగిట ధాన్యం అధికారి గండప పీట వేసుక్కూర్చున్నాడు. బుగ్గలు జారిన మనిషి. చేతిలో వెండి పొన్ను వేసిన గీటుకర్ర. కుంచం మీద గోపురంలా లేచిన గింజల్ని ఆ కర్రతో గీటి అంచుకు సమం చేయించడం అతని పని. సమతూకపురంలో పొంగు కొలత నేరం, లోటు కొలతా నేరమే. దించుకోవడానికి చాట పట్టుకుని నిలబడ్డది వంటశాల దాసి ఎర్రసాని. నడివయసు మనిషి. పొయ్యి సెగకు కనుబొమలు కాలిపోయి ముఖం మీద ఆశ్చర్యమో కోపమో తెలియని ఒకే చూపు నిలిచిపోయింది.

"కొలు" అన్నాడు గండప.

ప్రోలయ పుట్టిన సీమలో కొలత ఒకటితో మొదలవదు. మొదటి కుంచం పోస్తూ "లాభం" అంటారు, తరవాతే రెండు, మూడు. సమతూకపురంలో లాభం అన్న మాట పలికితే నాలుక కోస్తారు. అందుకని దారి పొడవునా ఎడ్ల వెనక నడుస్తూ "ఒకటి, ఒకటి" అని నాలుకకు నేర్పుకుంటూ వచ్చాడు. నాలుక మాట విన్నది. "ఒకటి" అన్నాడు గట్టిగా. గండప తలాడించాడు. బస్తా తరవాత బస్తా ఖాళీ అవుతోంది. గీటుకర్ర కుంచం అంచు మీద సర్రున జారుతోంది. ఎర్రసాని చాటతో ఎత్తి గాదెలో పోస్తోంది. ఎవరి ముఖంలోనూ మార్పు లేదు. ఇంక కత్తి ఉన్న బస్తా ఒక్కటే మిగిలింది. దాన్ని గాదె దాకా తానే మోసుకుపోతానంటే చాలు, చెరసాల మెట్లు అక్కడే.

ఈ బస్తాకు ముందటిదాని చివరి కుంచం పోశాడు. గండప గీటాడు. లెక్క ముగిసింది.

అప్పుడు ప్రోలయ కుడిచెయ్యి తనంతట తాను బస్తాలోకి దిగింది. పిడికెడు జొన్నలు తీసి ఎర్రసాని చాటలో పడేసింది.

నోటికి కాపలా పెట్టాడు గానీ చేతిని మరిచిపోయాడు.

ఎర్రసాని చాట వంక చూసింది. "ఎక్కువ పడ్డాయి శెట్టీ. తీసుకో."

"పరవాలేదమ్మా, కొసరు. ఉంచుకో" అనేశాడు. ఇన్నేళ్లుగా సంతల్లో అన్న మాట. తేనెటీగ పువ్వు మీద వాలినంత తేలిగ్గా నోట్లోంచి వచ్చేసింది.

"కొసరా? అంటే ఏమిటి?"

బదులు చెప్పే వ్యవధి లేదు. తలమీది బురుజు నుంచి ఇనప కీలు విరిగినట్టు ఒక అరుపు. దాని వెనక మరొకటి. గండప పీట తన్నుకుంటూ లేచాడు. మొదటి రాబందు రెక్కలు ముడిచి నిట్టనిలువునా దిగింది. ప్రోలయ పక్కకు దొర్లాడు. అతను నిలబడ్డ చోట బండ రెండుగా పగిలింది. ఎడ్లు బెదిరి తాళ్లు తెంపుకున్నాయి. బస్తాలు చిరిగి జొన్నలు ముంగిలి దాటి, గుమ్మం దాటి, వీధిలోకి వానలా చిమ్ముకుంటూ పోయాయి. రెండో రాబందు ముక్కు సరిగ్గా కళ్ల మీదికి వచ్చేసరికి ప్రోలయ ఇనప కుంచం ఎత్తి దాని తలకు బోర్లించి గట్టిగా నొక్కాడు. చూపు పోయిన ఆ పక్షి గోడకు గుద్దుకుని, గండప పీటను పొడిచి, పిండి జాడీల మధ్య కూలి రెక్కలు కొట్టుకుంది. ప్రోలయ మెట్ల వైపు దూకాడు. మూడడుగులు వేశాడో లేదో, ఎండుగడ్డి తాడులాంటి పొగ ఒకటి మెట్ల కింది నుంచి పాకివచ్చి అతని రెండు కాళ్లనూ చుట్టేసి, మెట్టు మెట్టుకూ తల తగిలేలా కిందికి ఈడ్చుకుపోయింది.

కళ్లు తెరిచేసరికి నేలమాళిగ. గోడల వెంబడి వరసగా కంచు జాడీలు. ఒక్కోదానిలో నూనె. నూనెలో నల్లబడ్డ గుండెలు తేలుతున్నాయి. పైన ఒకే గవాక్షం. అది వంటశాల గుమ్మం పక్కన వీధిలోకి తెరుచుకుంటుంది. ఎదుటి గోడ నిండా ఒక రాతి తలుపు. ఆ తలుపు నడుమ నుంచి ముందుకు పొడుచుకొచ్చి, అరచెయ్యి పైకి పెట్టుకుని ఉన్నది ఒక రాతి చెయ్యి. దాని ముందు బలిపీఠం మీద కట్టేసి మాచమ్మ. జుట్టు తెల్లబడిపోయింది. కళ్లు మాత్రం అవే.

"వచ్చావా" అంది నీరసంగా. "గడ్డానికి ఆ రంగేమిట్రా, ఎలుగ్గొడ్డులా?"

జాడీల వెనక నుంచి శుష్కనాథుడు బయటికి వచ్చాడు. ఎండబెట్టిన కాకరవరుగులాంటి మనిషి. చేతిలో సన్నని కత్తి. గండప, రక్తం పట్టే పళ్లెంతో ఎర్రసాని, మెట్లు దిగి వచ్చారు.

"ఎందుకు వేశావు?" అన్నాడు శుష్కనాథుడు. గొంతులో కోపం లేదు. వైద్యుడు రోగిని అడిగినట్టు అడిగాడు.

"ఏం వేశాను స్వామీ?"

"ఆ పిడికెడు. ఏం ఆశించి వేశావు?"

"కొన్నవాళ్లు మళ్లీ మన దగ్గరికే రావాలని వేస్తాం. బేరంలో మెళకువ."

"నీకు మళ్లీ ఈ ఊరు రావాలని ఉందా?"

కొసరు వేస్తే బేరం తిరిగొస్తుందని పదిమందికి పాఠం చెప్పిన ప్రోలయ, ఈ ఒక్క పిడికెడుకూ లెక్క చెప్పలేకపోయాడు.

శుష్కనాథుడు రాతి చేతిని చూపించాడు. "ఈ తలుపు వెనక చావు లేని చోటుంది. ఈ చేతిలో ఏదైనా ఊరికే పెడితే చాలు, తెరుచుకుంటుంది. వజ్రాలు పెట్టాను. నా సొంత బిడ్డను పెట్టాను. తెరుచుకోవాలని పెట్టాను గనక తెరుచుకోలేదు. నాలో ఆ గుణం లేదు. ఉన్నవాళ్లలో ఎక్కడుందో దొరకడం లేదు. ఇన్ని గుండెలు చీల్చాను, అన్నీ ఒకేలా ఉన్నాయి. ఈ రోజు ఒక చెయ్యి, తన యజమాని మెడకు ఉరి బిగుస్తుందని తెలిసి కూడా ఇచ్చింది. ఎవరు నేర్పారు నీకు?"

"వాడికేం తెలుసు? నేర్పింది నేను. వాణ్ణి వదిలెయ్" అంది మాచమ్మ.

"నీకెవరు నేర్పారు?"

మాచమ్మ పైకప్పు వంక చూస్తూ చెప్పింది.

"కరువులో మా అమ్మ దారిలోనే పోయింది. వీడు నా చంకలో ఉన్నాడు, నెలల పిల్లాడు. నాకు పాలపళ్లు ఊడే వయసు. ఎదురుగా ఒకామె వచ్చింది. ఆమె చంకలోనూ బిడ్డ ఉంది. కదలడం లేదు. ఆమె నా చేతిలోంచి వీణ్ణి లాక్కుని పాలిచ్చింది. ఇస్తున్నంతసేపూ ఏడుస్తూ తిడుతూనే ఉంది. వీణ్ణి తిట్టింది, నన్ను తిట్టింది, దేవుణ్ణి తిట్టింది. వీడి కడుపు నిండాక నా చంకన పెట్టేసి, తన బిడ్డను ఎత్తుకుని వెళ్లిపోయింది. ఎవరమ్మా నువ్వు అని అడగడానికి కూడా నాకు నోరు రాలేదు."

"బదులు ఏమిచ్చావు?"

"ఎవరికిచ్చేది? పెద్దయ్యాక ఆ దారంతా వెతికాను. దొరకలేదు. రేవులో ఆడమనిషి ఎవరు దిగినా ఆమేనేమో అని చూసేదాన్ని. కాదని తెలిసేసరికి గిన్నె చేతిలోనే ఉండేది. మళ్లీ కుండలో ఒంపేయలేను కదా. పోసేసేదాన్ని."

అక్క ఈ సంగతి అతనికెన్నడూ చెప్పలేదు. తాను ఎవరికీ ఏమీ బాకీపడని మనిషినని ప్రోలయ సంతల్లో మీసం దువ్వి చెప్పుకునేవాడు.

శుష్కనాథుడి కళ్లు మెరిశాయి. "పాలలో ఉందన్నమాట! గుండెలు చీల్చి ఎంత పొరబాటు చేశాను. ఆ పాలు తాగింది నువ్వు కాదు, వీడు. వీడి ఒంట్లో ఇంకి, కుడిచేతికి దిగింది. నీ గుండెతో నాకు పని లేదు ముసలీ." కత్తి మాచమ్మ వైపు నుంచి ప్రోలయ మణికట్టు వైపు తిరిగింది.

ఇన్నేళ్ల వ్యాపారంలో ప్రోలయకు వంటబట్టింది ఒకటే. కొనేవాడి కళ్లలో ఆశ కనబడితే అప్పుడే నోరు విప్పాలి.

"ఆగండి స్వామీ. మీ ఊళ్లో ఊరికే ఏదీ తీసుకోరని విన్నాను. చెయ్యి నాది. ధర మాట్లాడుకుందాం."

"బందీవి. నీకు ధరేమిటి?"

"గుంజుకున్న చెయ్యి ఇచ్చే చెయ్యి అవుతుందా? అన్ని గుండెలూ గుంజుకునే తెచ్చారు. ఏమైంది?"

శుష్కనాథుడు ఆగాడు. కొలతకు కట్టుబడ్డ మనిషి, కొలత మాట చెవికెక్కింది. "ఏం కావాలి?"

"మా అక్క. ముందు ఆమె వంటశాల గుమ్మం దాటి వీధిలో పడాలి. దాటినట్టు ఆ గవాక్షంలోంచి నాకు గొంతు వినబడాలి. అప్పుడు చెయ్యి రాతి మీద పెడతాను, లాక్కోను."

"ఒరే ప్రోలీ!" మాచమ్మ అరిచింది. "నన్ను పెట్టి బేరాలాడతావా? వద్దురా. చేతులు లేనివాణ్ణి నేనేం చేసుకోను?"

"ఒక చెయ్యే అక్కా. రెండోది గిన్నెలు తోమడానికి ఉంటుంది. తిన్నగా రేవుకు పో. వెనక్కి చూడకు. ఎవరికీ ఏమీ ఇవ్వకు. ఈ ఒక్కసారికి నా మాట విను."

బేరం కుదిరింది. శుష్కనాథుడు మాట తప్పడు, ఎక్కువా చెయ్యడు తక్కువా చెయ్యడు. భటులు మాచమ్మను మెట్లెక్కించారు. ప్రోలయ కుడిచేతిని రాతి అరచేతిలో పెట్టి తాడుతో బిగించారు. రాయి చల్లగా ఉంది. కాసేపటికి గవాక్షంలోంచి, చాలా దగ్గరగా, అక్క గొంతు వినిపించింది. "దాటానురా."

"పో అక్కా!"

పోతున్న అడుగుల చప్పుడు. ఆగిన చప్పుడు. ఆ తరవాత అంతకంటే భయంకరమైన మాట. "అయ్యయ్యో, ఈ జొన్నలన్నీ ఎవరు పారబోశారమ్మా? ఇదిగో తాతా, చెయ్యి పట్టు."

ప్రోలయ కళ్లు మూసుకున్నాడు. పైన రాబందు అరిచింది.

రెక్కల హోరు. జనం కేకలు. మాంసం చిరిగే చప్పుడు కోసం ప్రోలయ ఎదురుచూశాడు. కానీ వినబడింది మరో రాబందు అరుపు. తరవాత ఇంకొకటి. ఒక్కో అరుపుకూ అర్థం ఒకటే, ఎవరో ఎవరికో ఏదో ఇచ్చారు. వినబడే కేకల్ని బట్టి, అక్క మీదికి పక్షి దిగితే ఎవరో అడ్డం పడ్డారు. అడ్డం పడటమూ ఇవ్వడమే కనక పక్షి వాళ్ల మీదికి తిరిగింది. వాళ్లకు ఇంకెవరో అడ్డం వచ్చారు. ఒక అరుపంటే ఒక దానం, ఒక దానమంటే ఒక చావు. ఆ కూడికలో అక్క ఉందో లేదో అతనికి తెలియడం లేదు.

శుష్కనాథుడు గవాక్షం వైపు తిరిగాడు. "గండపా! పైకి పో. ఏం జరుగుతోందో చూసి రా."

"పోతాను ప్రభూ. ఏమిస్తారు?"

"ఏమిటి?"

"ధాన్యం కొలవడం నా కొలువు. మెట్లెక్కడం వేరే పని. బయట పక్షులు తిరుగుతున్నాయి, కనక ధర కాస్త..."

శుష్కనాథుడు తన ఊరిని తానే ఇలా తయారు చేసుకున్నందుకు ఒక్క క్షణం నిర్ఘాంతపోయాడు. కత్తిని పళ్లెంలో విసిరేసి తానే మెట్ల మీదికి పరుగెత్తాడు. జీతం సంగతి తేల్చుకోవడానికి గండప వెంటపడ్డాడు.

పళ్లెం పట్టుకున్న ఎర్రసాని, రాతికి కట్టేసి ఉన్న ప్రోలయ మిగిలారు.

"శెట్టీ" అంది ఎర్రసాని. "గింజలు పడేసి ఏదో మాటన్నావు."

"కొసరు."

"కొసరు" అని తను ఒకసారి అనుకుంది, తెలియని కూర రుచి చూసినట్టు. కత్తి తీసుకుంది. ఒక్క కోతతో తాడు తెగింది.

రాతి వేళ్లు కదిలాయి. ప్రోలయ చేతిని, చంటిపిల్ల వేలు పట్టుకున్నంత మెత్తగా ఒకసారి పట్టుకుని వదిలేశాయి. అతను వాటిలో ఏమీ పెట్టలేదు. ఆ రాతి అరచేతిలోనే, అతని చేతిని ఎర్రసాని ఊరికే తిరిగి అతనికి ఇచ్చింది. కొండ కడుపులో ఎక్కడో గొలుసులు దొర్లాయి. రాతి తలుపు రెండుగా విచ్చుకుంది. తొలకరి వాన పడ్డ మట్టివాసన, తెల్లని వెలుగు, లోపలికి దిగుతున్న పాలరాతి మెట్లు.

"అమ్మో" అంది ఎర్రసాని. ఆ వెలుగులో ఆమె ముఖం మీద నిలిచిపోయిన చూపు ఆశ్చర్యమే అని తెలిసింది.

అప్పుడే గవాక్షం బద్దలైంది. రాళ్లతో పాటు లోపలికి దూకిన రాబందుకు ప్రోలయతో పని లేదు. అది ఎర్రసాని మీద పడింది. అతను పళ్లెం ఎత్తి కొట్టాడు, పట్టు దొరికిన చోటల్లా పట్టుకుని లాగాడు. అరచేతులు చీలిపోయాయి. పక్షి మాత్రం తన పని ముగించుకుని, వచ్చిన దారినే వెళ్లిపోయింది.

ప్రోలయ ఎర్రసాని తలను ఒళ్లోకి తీసుకున్నాడు. ఆమె పెదవులు కదిలాయి. "పొయ్యి మీద ఎసరు పెట్టి వచ్చాను" అంది. ఇంకేమీ అనలేదు.

ఒకవైపు చావు లేని చోటికి తెరిచిన తలుపు. అది ఎంతసేపు తెరిచి ఉంటుందో ఎవరికీ తెలియదు. ఇంకోవైపు అరుపులతో నిండిన వీధి. ప్రోలయ ఎర్రసాని కళ్లు మూసి, పైటచెంగు ముఖం మీద కప్పి, వీధి మెట్లెక్కాడు.

సగం మెట్ల దగ్గర శుష్కనాథుడు ఎదురొచ్చాడు. తలుపు తెరుచుకున్న చప్పుడు అతనికీ వినబడింది. ఒకరి భుజం ఒకరికి రాసుకుంది. ఒకరి ముఖం ఒకరు చూడలేదు. అతను కిందికి, ఇతను పైకి. ఇద్దరికీ ఆగే తీరిక లేదు.

వంటశాల ముంగిట, తల నుజ్జయి పడి ఉన్న రాబందు మెడ నుంచి కుంచం ఊడబెరుక్కుని ప్రోలయ గుమ్మం దాటాడు.

వీధి గుర్తుపట్టేట్టు లేదు. ఇళ్ల తలుపులు ఊడదీసి తలల మీద పట్టుకుని జనం గుంపుగా ముడుచుకుని ఉన్నారు. వాటి మీద రాబందులు సమ్మెటల్లా కొడుతున్నాయి. ఒక తలుపు పగిలితే, పట్టుకున్నవాడు పడిపోతే, పక్కవాడు తన తలుపు అటు జరుపుతున్నాడు. నేల మీద జొన్నలూ నెత్తురూ కలిసి తొక్కుడుపడుతున్నాయి. ఆ తలుపుల కింది నుంచి ఒక ఆడగొంతు గదమాయిస్తోంది. "నెట్టుకోకండర్రా! అందరికీ ఉంది."

"అక్కా!"

ప్రోలయ వంగి, జనం కాళ్ల మధ్య నుంచి పాకి, గుంపు నడుమకు చేరాడు. ఒడినిండా జొన్నలతో కూర్చుని, చాపిన చేతుల్లో గింజలు పోస్తున్నది మాచమ్మ కాదు. అతనెన్నడూ చూడని మనిషి. పాతికేళ్లుంటాయి. చెంప చీలి నెత్తురు కారుతోంది.

"మా అక్క... తెల్ల జుట్టు... ఎక్కడ?"

"ఈ గింజలు మొదట పోసినామెనా?" ఆ పిల్ల గొంతు తగ్గింది. "పక్షి కొట్టింది. ఊపిరుంది. మావాళ్లు ఎత్తుకుపోయి దాచారు."

"ఎక్కడ దాచారు?"

ఆమె నోరు తెరిచి, ఆగి, పైకి చూసింది. తలమీది తలుపు అప్పుడే పగిలింది. ఆ సందులోంచి ఒక కెంపు కన్ను లోపలికి తొంగిచూస్తోంది. చెబితే ఊరికే చెప్పినట్టు. ప్రోలయ దగ్గర బదులు ఇవ్వడానికి ఖాళీ కుంచం తప్ప ఏమీ లేదు. ఆ సంగతి ఆమెకు కనబడుతూనే ఉంది.

"ఎడమ సందు" అంది ఆమె, కన్నార్పకుండా ఆ కంటినే చూస్తూ. "నీలం తలుపు ఇల్లు. త్వరగా పో అన్నా."

రాబందు అరిచింది.

ప్రోలయ కాళ్లు ఎడమ సందు వైపు తిరిగాయి. కుంచం పట్టిన చెయ్యి మాత్రం, అతన్ని అడక్కుండానే, ఆ పిల్ల తలకు అడ్డంగా లేచింది.